అగ్రికల్చర్ సారు బతుకును పుస్తకంగా కూర్చడం: పెద్దదినం నుంచి సంవత్సరీకం దాకా

బడిలో వ్యవసాయం చెప్పిన సారు పోయాక ఆయన గుర్తులు కాగితం మీద తక్కువ, మనుషుల చేతుల్లో ఎక్కువ. ఆయన నేర్పింది ఎవరి చెలకలోనో గొర్రు తోలే తీరులో ఉంటుంది, ఎవరి బత్తాయి తోటలోనో అంటు కట్టిన చోట ఉంటుంది. అందుకని ఇంట్లో కూర్చుని ఆయన మీద పుస్తకం రాస్తే కుదరదు. ఊళ్లు తిరగాలి, అదీ త్వరగా తిరగాలి. నల్లగొండ, పాలమూరు బడుల్లో 1960ల్లో, 70ల్లో చదువుకున్న శిష్యులే ఇప్పుడు ముసలివాళ్లు. సంవత్సరీకం నాటికి పుస్తకం చేతికి రావాలంటే ఉన్నది పదకొండు నెలలు. ఆ గడువు సరిపోతుంది, మొదటి పదకొండు రోజుల్లో కొన్ని పనులు తప్పకుండా చేస్తే.

పరామర్శకు వచ్చేవాళ్ల కోసం గుమ్మం దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. పక్కన మనవడినో మనవరాలినో కూర్చోబెట్టండి. ఊరికే పెడితే సంతకాలు తప్ప ఏమీ మిగలవు. పేరు, ఊరు, ఏ బడిలో ఏ సంవత్సరం చదివారు, ఫోను నంబరు, సారు నేర్పిన పని ఒకటి: ఈ ఐదూ అడిగి పిల్లలే రాయాలి. పెద్దదినం (పదకొండో రోజు) నాడు వచ్చే రెండు మూడు వందల మందిలో ఇరవై మంది దొరికితే చాలు, పుస్తకానికి వాళ్లే వెన్నెముక.

రెండో పని, ఇల్లు కడిగేటప్పుడు ట్రంకు పెట్టెను కాపాడటం. దినాల ముందు ఇల్లంతా దులిపి, పనికిరాని కాగితాలని పాత సామాన్ల బండికి వేస్తారు. పోయేవి ఎక్కువగా ఆ రోజే పోతాయి: విత్తన సంచుల మీది చీటీలు, వాన కొలిచిన డైరీలు, బడి తోట లెక్కల పుస్తకం, శిక్షణకు వెళ్లినప్పటి గ్రూపు ఫోటో. బట్టలు ఇచ్చేయవచ్చు. ఏ కాగితాన్నీ నెల రోజుల దాకా పారేయవద్దని ఇంటి పెద్ద ఒక్కసారి గట్టిగా చెబితే సరిపోతుంది.

మూడోది తిథి. పోయిన వేళకు ఉన్న మాసం, పక్షం, తిథి పంతులు గారిని అడిగి తేదీ పక్కనే రాసుకోండి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, ఇంగ్లీషు తేదీతో కలవదు. పుస్తకం ఆవిష్కరణ ఎప్పుడో తెలియకుండా ప్రెస్సుకు గడువు చెప్పలేం.

పదకొండో రోజు ఎవరైనా మాట్లాడాలనుకుంటే ఒకరే, ఒక పేజీ చాలు. నాలుగు వందల మాటలు నెమ్మదిగా చదివితే నాలుగు నిమిషాలు పడుతుంది. ఏడుపు గొంతులో అంతకంటే ఎక్కువ చదవడం కష్టం. ఫ్లెక్సీకి ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే మొహం మసకబారుతుంది. భార్యను మాత్రం ఆ రోజుల్లో ఏమీ అడగవద్దు.

కాగితాలతో మొదలు

మొదట వెతకాల్సింది సర్వీసు రిజిస్టరు. చివరగా పనిచేసిన బడికి సంబంధించిన కార్యాలయంలో అసలు ఉంటుంది, నకలు ఇంట్లోనే ఉండవచ్చు. ఉద్యోగంలో చేరిన తేదీ, ప్రతి బదిలీ, శిక్షణకు వెళ్లిన నెలలు, ఇంక్రిమెంట్లు అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఆయన ఉద్యోగ జీవితానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం లేదు.

పుట్టిన తేదీని మాత్రం వెంటనే నమ్మవద్దు. జూన్ 1 అనో జులై 1 అనో ఉంటే అది బడిలో చేర్చుకున్న పంతులు వేసిన తేదీ అయి ఉండే అవకాశం ఎక్కువ. పుస్తకంలో "రికార్డు ప్రకారం" అని ఒకటి, "ఇంటివాళ్ల లెక్క ప్రకారం" అని ఒకటి, రెండూ రాయండి. రికార్డు తేదీకి 58 ఏళ్లు కలిపితే పదవీ విరమణ నెల రావాలి. నెల మొదటి తారీఖున పుట్టినట్టు రాసి ఉంటే అంతకు ముందు నెల చివరి రోజే విరమణ. లెక్క కుదరకపోతే మరో సంగతి చూడాలి: 1983లో ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించి, తర్వాత మళ్లీ 58 చేసింది. ఆ మధ్య 55 నిండినవాళ్లు ముందే దిగిపోయారు.

1948కి ముందు బడిలో చేరినవాళ్ల కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో, అజర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 సెప్టెంబరు వరకు. నెల చూడకుండా కలిపితే వయసులో ఏడాది తేడా వస్తుంది.

ఊరి పేరు పక్కన అప్పటి తాలూకా, అప్పటి జిల్లా రాసి, ఇప్పటిది తర్వాత రాయండి. 1985కు ముందు మండలాలు లేవు. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. అదే రోజు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. "1974లో వనపర్తి జిల్లాలో చేరారు" అని అచ్చయితే చదివేవాడికి మిగతా పుస్తకం మీద కూడా నమ్మకం పోతుంది.

ఏళ్లు కుదర్చడం

మన పెద్దలు సంవత్సరం అంకెల్లో చెప్పరు. "కరువొచ్చిన యేడు", "సాగర్ నీళ్లొచ్చినంక", "మా పెద్దోడు చంకల ఉన్నప్పుడు" అంటారు. అది తప్పు కాదు, అంకెకంటే గట్టి గుర్తు. మీ పని దాన్ని అంకెకు కట్టడం. ఒక తెల్లకాగితం మీద నిలువు గీత గీసి, ఒకవైపు లోకం సంగతులు, ఒకవైపు ఇంటి సంగతులు రాసుకోండి.

లోకం వైపు ఉండాల్సినవి: 1948 సెప్టెంబరు పోలీసు చర్య. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీ సమితిని ప్రారంభించడం. 1966లో ఐఆర్ 8 వరి విడుదల. 1967 ఆగస్టు 4న సాగర్ కాల్వలకు నీళ్లు వదలడం. 1969 తెలంగాణ ఉద్యమం, బడులు మూతబడిన నెలలు. 1972 కరువు. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004, 2016. పుష్కరాలు చాలా పనికొస్తాయి. కృష్ణ ఒడ్డు జిల్లాల్లో ఆ ఏడు ఎవరితో కలిసి స్నానానికి పోయారో, ఎవరు కడుపుతో ఉన్నారో ఆడవాళ్లకు స్పష్టంగా గుర్తుంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. డ్యాం దగ్గర నీళ్లు వదిలిన తేదీని ఊరికి నీళ్లొచ్చిన తేదీగా రాసేస్తారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఒక్కో ఊరికి ఒక్కో ఏడు అందాయి. ఆ ఊరి రైతును అడిగి విడిగా రాసుకోవాలి.

వంగడాల పేర్లు కూడా కాలాన్ని పట్టిస్తాయి. 1978లో సారు సాంబ మసూరి నారు పోయించారని ఎవరైనా చెబితే చెప్పిన సంవత్సరమైనా, వంగడం పేరైనా ఒకటి తప్పు, సాంబ మసూరి బాపట్ల నుంచి విడుదలైంది 1986లో. ఆముదంలో 'అరుణ' పాతది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన క్రాంతి, హరిత తర్వాతి తరానివి. పేరు మీద అనుమానం వస్తే పాలెంలోనో, త్రిపురారం దగ్గరి కంపాసాగర్ కేంద్రంలోనో, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడగండి. అలా తేలనిది "కొత్త వరి రకం" అని రాసి వదిలేయడం మేలు.

శిష్యులను ఏమడగాలి

"సారు ఎట్లాంటోడు?" అని అడిగితే "దేవుడసొంటోడు" అంటారు. మాట నిజమే, కానీ నలభై మంది అదే చెబితే పుస్తకంలో ఒక్క వాక్యం అవుతుంది. పని గురించి అడగాలి. బడి తోట ఎన్ని గుంటల నేల? నీళ్లు ఎక్కడివి, మోటదా, బోరుదా? ఎవరి వరసలో ఏం వేశారు? పండింది ఎక్కడికి పోయింది? కలుపు తీసే దంతె ఎలా పట్టుకోమన్నారు? తప్పు చేస్తే ఏమన్నారు?

మొలక పరీక్ష తీసుకోండి. "విత్తన పరీక్ష నేర్పేవారు" అని రాస్తే ఏమీ లేదు. అదే శిష్యుడితో చేయించి చూసి రాస్తే ఇలా వస్తుంది: సంచిలో పైన, నడుమ, అడుగున తీసిన గింజలు కలిపి వంద లెక్కపెట్టాలి. తడిపి పిండిన గోనెపట్టా మీద పదేసి చొప్పున పది వరసలు పేర్చి, చాపలా చుట్టి, నీడన పెట్టాలి. ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించాలి. పంటను బట్టి వారం నుంచి రెండు వారాలకు విప్పి మొలిచినవి లెక్కపెట్టాలి. వరి అయితే వందకు 80, జొన్న, కంది 75, ఆముదం, పల్లి 70 మొలవాలి. తగ్గితే విత్తనం మార్చాలి. గోనె నీళ్లు కారేలా ఉంటే గింజ కుళ్లిపోయి, మంచి విత్తనం కూడా చెడ్డదనిపిస్తుంది. ఈ చివరి మాట సారు నోట వచ్చి ఉంటుంది. శిష్యుడి నుంచి దాన్ని రాబట్టాలి. ఇలా ఒక పాఠం మొత్తం పుస్తకంలోకి ఎక్కితే ఆయనను చూడని మనవడు కూడా ఆయన దగ్గర నేర్చుకుంటాడు.

మట్టి నమూనా కూడా అంతే. ఎకరాకు ఎనిమిది పది చోట్ల, అటూ ఇటూ వంకరగా నడుస్తూ, ఆరంగుళాల లోతున వి ఆకారంలో గుంట తీసి పక్క మట్టి చెక్కాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా రావాలి. గట్టు దగ్గర, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. సారు ఈ పని ఏ రైతు చెలకలో చేయించారో, ఫలితం వచ్చాక ఆ రైతు ఏం మార్చాడో కనుక్కోండి.

పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం, పల్లి వేసినవాళ్లను బొంత పురుగు (ఎర్ర గొంగళి పురుగు) గురించి తప్పక అడగండి. తొలకరి వానలకు నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రుళ్లు ఊరంతా ఒక్కటై గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడి చస్తాయి. ఒక్కడు వేస్తే పక్క చెలకలోంచి మళ్లీ వస్తాయి. అందుకే ఇలాంటి పనికి ఊరిని కూడగట్టేవాడు కావాలి, చాలా చోట్ల ఆ పని బడి సారుది. మీ సారు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లారా, ఎన్ని రాత్రులు, కట్టెలు ఎవరిచ్చారు, అడగండి. బత్తాయి వైపు ఊళ్లలో అయితే రంగపూర్ నిమ్మ మొక్క మీద కన్ను అంటు కట్టడం ఎవరికి నేర్పారో, వాళ్లలో ఎవరు అంటు కట్టి బతికారో వెతకండి.

మాట్లాడేటప్పుడు ఫోను విమానం గుర్తు మీద పెట్టి రికార్డు చేయండి. మనిషికి అడుగు దూరంలో గుడ్డ మీద ఉంచండి, ఫ్యాను ఆపండి. ముప్పావు గంట దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు, మళ్లీ రావచ్చు. ఇంట్లో కంటే చెలకలో ఎక్కువ గుర్తొస్తాయి. కుదిరితే అక్కడికే పోండి, గాలి శబ్దం రాకుండా ఫోను మీద చేతిరుమాలు కప్పితే చాలు. అదే రాత్రి ఫైలుకు తేదీ, పేరు, ఊరు పెట్టి ఇంకోచోట కాపీ చేయాలి. వారం ఆగితే "వాయిస్ 14" ఎవరిదో తెలియదు.

శిష్యుడి మాట శిష్యుడి యాసలోనే ఉంచండి. "గట్ల కాదురా, మడిమ ఆనిచ్చి తోలు" అన్నది "అలా కాదు నాయనా" అని మారితే సారు గొంతు పోయినట్టే. డీటీపీ (కంప్యూటర్‌లో టైపు) చేసేవాళ్లు మంచి మనసుతోనే దిద్దేస్తారు, ముందే చెప్పి పెట్టండి.

ఇంటి మనిషి

ఈ భాగమే ఎక్కువ పుస్తకాల్లో పలచగా ఉంటుంది. "భార్యాబిడ్డలను ప్రాణంగా చూసుకున్నారు" అని ఒక పేరా, ఒక ఫోటో, అయిపోయింది. కుటుంబం కోసమే బతికిన మనిషి ప్రేమ ఎక్కడ కనబడుతుందంటే రోజువారీ పనిలో. జీతం రోజు కవరు ఎవరి చేతికిచ్చేవారు? అంగడి నుంచి ఎవరికేం తెచ్చేవారు? బదిలీ అయినప్పుడు పిల్లల చదువు కోసం తానొక్కరే దూరపు ఊళ్లో గది తీసుకుని ఉన్నారా, శనివారం ఏ బస్సుకు వచ్చేవారు? ఆడపిల్లల చదువు గురించి ఎవరితో వాదించారు? పెరట్లో ఏ మొక్క ఎవరి పేరు మీద పెట్టారు? తమ్ముళ్ల పెళ్లిళ్లకు చేసిన అప్పు ఎన్నేళ్లు కట్టారు?

వీటికి జవాబు తెలిసింది ఆయన భార్యకే. మూడు నెలలు గడిచాక, పొద్దున ఆమె బియ్యం ఏరుతున్నప్పుడో చిక్కుడుకాయ తుంచుతున్నప్పుడో కూతురో కోడలో పక్కన కూర్చుని మాట కలపాలి. కొడుకులంతా చుట్టూ చేరి అడిగితే ఆమె వాళ్లకు నచ్చేదే చెబుతుంది. వంటింట్లో ఒక్కరితో అయితే వేరే మాటలు వస్తాయి. చెప్పినదాంట్లో ఏది అచ్చుకు, ఏది ఇంట్లోకి అన్నది ఆమె మాటే చివరిది.

వంశవృక్షంలో కూతుళ్లను అల్లుళ్ల పేర్ల కింద దాచవద్దు. కొడుకుల వరసలోనే, పుట్టిన క్రమంలో రాయండి. ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు కూడా ఉండాలి. చిన్నతనంలో పోయిన బిడ్డ ఉంటే తల్లిని అడిగి పేరు చేర్చండి. చాలామంది తల్లులు ఆ ఒక్క పేరు కోసమే ఆ పేజీ తిప్పుతారు. "బాపు", "నాయిన", "పెదనాయిన", "తాత" అని ఎవరు ఎలా పిలిచేవారో వాళ్ల వ్యాసంలో అదే ఉంచండి, అందరినీ "నాన్నగారు" చేయవద్దు.

ఫోటోలు, అచ్చు

ఫోటోను అదే సైజులో అచ్చు వేయడానికి 300 డీపీఐలో (స్కాన్ స్పష్టత కొలత) స్కాన్ చేస్తే చాలు. పాస్‌పోర్టు ఫోటోను పెద్దది చేయాలంటే 600 లేదా 1200. అద్దానికి అతుక్కున్న పాత ఫోటోను పీకితే మొహం అద్దానికే ఉండిపోతుంది, అద్దంతోనే స్కాన్ చేయండి. చిరిగినవాటికి సెల్లో టేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు. వెనక పేర్లు పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిలుతో రాయండి. గ్రూపు ఫోటోలో ఎవరెవరో గుర్తుపట్టేవాళ్లు ఇద్దరు ఉండగానే ఆ పని ముగించాలి.

పుస్తకం సైజు డెమ్మీ కాగితంలో ఎనిమిదో వంతు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. పేజీకి దాదాపు రెండు వందల మాటలు పడతాయి. అచ్చు పదహారు పేజీల ఫారాల్లో నడుస్తుంది కాబట్టి 48, 64, 80 ఇలా కుదించుకోవాలి. 50 పేజీలు చేస్తే మిగతావి తెల్లగా పోతాయి. 64 దాకా మధ్యలో పిన్ను కొట్టవచ్చు, దాటితే వీపు అతికించే బైండింగు. లోపల 80 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) 'మ్యాప్‌లితో' కాగితం, ఫోటోలకు 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు, అట్టకు 300 జీఎస్‌ఎం కార్డు.

వాట్సాప్‌లో వచ్చిన వ్యాసాలు యూనికోడ్‌లో ఉంటాయి, చాలా ప్రెస్సులు 'అను' అనే పాత రకం ఫాంట్లలో పేజీలు కడతాయి. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. అందుకే ప్రూఫు రెండుసార్లు, కాగితం మీదే చూడాలి. మొదటిసారి భాష, రెండోసారి పేర్లు, తేదీలు మాత్రమే. పేర్లు చూడటం ఇంటివాళ్ల పని. ఇంటిపేరులో ల, ళ తేడా బయటివాళ్లకు తెలియదు. పెన్షన్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ ఫోటోలు అలంకారంగా వేయవద్దు, పోయినవాళ్ల వివరాలతోనూ మోసాలు జరుగుతాయి.

చెట్టు నాటాలనుకుంటే

సంవత్సరీకం ఎండాకాలంలో పడితే ఆ రోజు నాటవద్దు. గుంట మాత్రం తీయించండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి, పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయాలి. ఎండకు గుంట కాగనివ్వాలి. మృగశిరలో రెండు మంచి వానలు పడ్డాక పైమట్టిలో పది కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి నింపి మొక్క పెట్టాలి. ఎర్ర చెలకకు వేప, కానుగ, చింత నిలుస్తాయి. పాలమూరు వైపు సీతాఫలం ఇంకా మంచిది, దేశమంతా పేరున్న 'బాలానగర్' రకం ఆ జిల్లా ఊరి పేరుతోనే ఉంది. బడిలో పెడితే మేకలు తినకుండా కంచె, రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి, ఈ రెండూ ముందు కుదరాలి. సెలవుల్లో నీళ్లు లేకే ఎక్కువ మొక్కలు పోతాయి, బడి పక్కింటి వాళ్లను ఒప్పించుకోండి.

పుస్తకం కాపీలు బడికి, గ్రామ పంచాయతీకి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వండి. ఐదు కాపీలు స్టీలు డబ్బాలో ఎండిన వేపాకు వేసి ఇంట్లో దాచండి. ఒక కాపీని మాత్రం విడిగా, చివర పదహారు తెల్ల పేజీలు కలిపి కుట్టించండి. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చినంక చుట్టాలంతా కూర్చున్నప్పుడు అది తీసి పెన్సిలుతో పాటు చేతికివ్వండి. తప్పు పడ్డ తేదీలు, విడిచిపోయిన పేర్లు, గ్రూపు ఫోటోలో గుర్తుపట్టని మూడో వరస మనుషులు అప్పుడే బయటికొస్తారు.